కాలరు కింద దారం

మా లాండ్రీలో టోకెన్లు ఇవ్వం. వీధి చివర కొత్తగా పెట్టిన దుకాణంలో బట్టలిస్తే మిషను కుయ్‌మని ఒక చీటీ కక్కుతుంది. మా దగ్గర అలాంటివేమీ లేవు. మీరు బట్టలు కౌంటరు మీద పెడతారు. నేను ఒకసారి మీ మొహం చూస్తాను, ఒకసారి బట్ట మీద చెయ్యి వేస్తాను, అంతే. మళ్ళీ మీరు గుమ్మంలో కనపడేసరికి మీ బట్టలు కౌంటరు మీద ఉంటాయి. ఈ పద్ధతి మా అమ్మ పెట్టింది. చీటీ ఇచ్చామంటే మనిషిని మర్చిపోతామని ముందే ఒప్పుకున్నట్టు అనేది. బోర్డు మీద దుకాణం పేరు కింద "టోకెన్ అక్కర్లేదు" అని రాయించింది కూడా. రంగు వెలిసినప్పుడల్లా పేరు సంగతి ఎలా ఉన్నా ఆ రెండు మాటలు మాత్రం మళ్ళీ వేయిస్తున్నాం.

అమ్మ తర్వాత కౌంటరు నాది. వెనక గదిలో ఆవిరి, ఇస్త్రీ, మరకలు తమ్ముడివి. వాణ్ణి అందరూ పరాకు అంటారు. చిన్నప్పుడు ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటు వేసుకుని బడికి వెళ్ళిన రోజు అమ్మ పెట్టిన పేరది. పెళ్ళెందుకు చేసుకోలేదయ్యా అని ఎవరైనా అడిగితే, "మర్చిపోయానండీ, మీరైనా ముందే చెప్పకూడదూ?" అంటాడు. గొడుగు తీసుకెళితే గొడుగు లేకుండా వస్తాడు. ఒక్కోసారి వేరేవాళ్ళ గొడుగుతో వస్తాడు. ఏది జరిగినా నవ్వుతాం. వాడి మతిమరుపు మీద నవ్వడం మా ఇంట్లో టీ తాగినంత మామూలు. నన్నేమో వీధిలో కంప్యూటరమ్మ అంటారు. ఆ పేరంటే నాకు గర్వమే. దాచుకోవడమెందుకు?

అమ్మకి అరవై దాటిన కొత్తలో, పళ్ళ డాక్టరు తెల్లకోటు తీసుకెళ్ళి మాంసం కొట్టతనికి ఇచ్చింది. అతను ఎవరో బహుమతి పంపారనుకుని అది తొడుక్కునే మాంసం కొట్టాడు. వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మేమూ నవ్వాం. తర్వాత్తర్వాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఒక రోజు నేను బయటి నుంచి వచ్చి కౌంటరు ముందు నిలబడితే అమ్మ నా మొహం చూసి, ఎంతో మర్యాదగా, "మీ బట్టలేవండీ?" అని అడిగింది. తిట్టినా బాగుండేది. ఆ "అండీ" నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

ఇప్పుడు నేను ఆ వయసుకొచ్చాను. తమ్ముడు నాకంటే రెండేళ్ళు చిన్న.

మాకు తెల్లకోట్లు వేసే గిరాకీల్లో ఒకమ్మాయి ఉంది. పెద్దాసుపత్రి వెనక పరిశోధన భవనంలో పని. నేను ఆమెను జన్యువుల పిల్ల అంటాను. కోటు జేబులో ఎప్పుడూ పెన్ను మూత లేకుండా వదిలేస్తుంది, ఆ నీలం మరకలన్నీ పరాకు వదిలించాలి. అమ్మ సంగతి విని, అలాంటి ఆల్జైమర్స్ జబ్బు వచ్చినవాళ్ళ కుటుంబాల్లో జన్యువులు చూస్తున్నామనీ, మీ ఇద్దరూ ఒక్కసారి వస్తే మేలనీ అడిగింది. వెళ్ళాం. రక్తం తీశారు, గొట్టంలో ఉమ్మమన్నారు. ఫలితం చెప్పమంటారా అని అడిగినప్పుడు నేను ప్రశ్న పూర్తికాకముందే చెప్పమన్నాను. వాడు "అక్క ఎటంటే అటే" అన్నాడు. అప్పుడు వాడి మొహం చూడలేదు నేను. వాడి మొహంలో చూడ్డానికేముంటుందనుకున్నాను.

ఫలితం చెప్పడానికి ఆ భవనంలో వేరే గది ఉంది. మెత్తటి కుర్చీలు, ప్లాస్టిక్ మొక్క, బల్ల మీద కాగితం రుమాళ్ళ పెట్టెలు రెండు. ఆ రెండో పెట్టె చూడగానే నాకు సగం సంగతి తెలిసిపోయింది.

"ఆంటీ, ముందే ఒక మాట," అంది ఆ పిల్ల. "ఇది మేమింకా వెతుకుతున్న సంగతి. ఇంకోచోట ఇంకొకళ్ళు వెతికి సరే అనేదాకా ఖాయం అనకూడదు."

"ఖాయం కానిదానికి ఇంత పెద్ద కుర్చీలెందుకమ్మా? చెప్పు."

చెప్పింది. ఈ జబ్బుకి సంబంధించి చాలాకాలంగా తెలిసిన పెద్ద జన్యువు ఒకటుందట. దానిలో ఒక రకం ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ. ఆ రకం, అమ్మ నుంచే కావచ్చు, నాకూ వచ్చింది, తమ్ముడికీ వచ్చింది. రెండో జన్యువు ఒకటుంది, అది చిన్నది. ఒంటరిగా ఉంటే ఏమీ చెయ్యదు. అదీ ఇద్దరికీ ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు, ఆ మనిషి ఆడదైతే, ముప్పు ఇంకా పెరుగుతున్నట్టు కనపడుతోంది. మగవాళ్ళలో మాత్రం రెండోది ఉన్నా లేకపోయినా తేడా లేదు.

"అదేంటి? ఒకటే అమ్మ, ఒకటే నాన్న, అవే జన్యువులు," అన్నాను. "నాకొక న్యాయం, వాడికొక న్యాయమా?"

"అదే మాకూ అర్థం కావట్లేదాంటీ. నెలసరి ఆగాక ఒంట్లో వచ్చే మార్పులా, మెదడులో వాపు వచ్చే తీరా, ఇంకేమైనానా... ఆడవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టే వస్తుందని సరిపెట్టేవాళ్ళు ఇదివరకు. అదొక్కటే కాదనిపిస్తోంది. మేమూ మొదట ఆడా మగా అందర్నీ కలిపే లెక్కేశాం. ఏమీ కనపడలేదు. విడదీసి వేసినప్పుడే ఈ జత బయటపడింది."

"తెల్లవీ రంగువీ కలిపి ఉతికితే ఏది రంగు వదిలిందో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

ఆ పిల్ల మొహం విప్పారింది. "సరిగ్గా అదే!"

నాకు పొగడ్త అక్కర్లేదు. నాకు అర్థమవుతూ వస్తోంది. బ్లీచింగు కలిపిన నీళ్ళలో నూలు వేస్తే ఇంకా తెల్లబడి బయటికొస్తుంది. అదే నీళ్ళలో పట్టు వేస్తే పోగులు తెగి చేతికొస్తుంది. నీళ్ళు అవే. తప్పు నీళ్ళదీ కాదు, పట్టుదీ కాదు. ఆ మాటే పైకన్నాను.

"అంటే నేను నూలు, అక్క పట్టా?" అన్నాడు పరాకు. "ఈ వయసులో మాట పడ్డాను." కానీ నవ్వలేదు. ఆ పిల్ల వైపు తిరిగాడు. "అయితే మేడమ్, నాకు రాదంటారా?"

"రాదని కాదంకుల్. ఆ మొదటి జన్యువు వల్ల ఉన్న ముప్పు మీకూ ఉంది. రెండోది మీకు అదనంగా ఏమీ కలపట్లేదు, అంతే. పైగా ఇదంతా మందికి సంబంధించిన లెక్క. వెయ్యిమందిలో ఎంతమంది అని చెప్పగలం. ఆ వెయ్యిమందిలో మీరెక్కడున్నారో చెప్పలేం."

ఈ మాటలన్నీ నా చెవిన పడ్డాయి. చెవిన పడటం వేరు, వినడం వేరు. నేను విన్నది ఒక్కటే. నాకు వస్తుంది, వాడికి రాదు.

ఆ రోజు నుంచి కాలుగాలిన పిల్లినయ్యాను. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. పొయ్యి ఆర్పానా లేదా అని ఇంటికి వెళ్ళి చూసేదాన్ని, చూసి వచ్చాక తాళం వేశానా అని మళ్ళీ వెళ్ళేదాన్ని. దారిలో నడుస్తూ ఎదురుపడ్డ ప్రతి గిరాకీ మాకిచ్చే బట్టలు నాలో నేను చెప్పుకునేదాన్ని. బూడిదరంగు కోటు, మోచెయ్యి దగ్గర మాసిక. చారల చొక్కా, మూడో బొత్తాం వేరు. ఎక్కడైనా ఒక్క క్షణం తట్టకపోతే వెనక్కి తిరిగి ఆ మనిషిని మళ్ళీ చూసేదాన్ని. ఒకరోజు బస్సు డ్రైవరు గుమ్మంలో నిలబడితే అతని భార్య పేరు రాలేదు నాకు. పేరుతో పనేం లేదు, అతను తీసుకెళ్ళేది తన చొక్కాలే. అయినా సరే, లోపలికి వెళ్ళి ఆవిరి గొట్టం పక్కన గోడకి ఆనుకుని ఏడ్చాను. పేరు రాత్రి అన్నం తింటుంటే వచ్చింది. గట్టిగా అరిచాను. పరాకు ఉలిక్కిపడి నీళ్ళు ఒలకబోసుకున్నాడు.

"నీకేం, నువ్వు అదృష్టవంతుడివి," అన్నాను వాడితో. "మర్చిపోవడం పుట్టుకతో వచ్చింది, జబ్బు మాత్రం రాదు. నాకు పుట్టినప్పటి నుంచీ అన్నీ గుర్తే. పోయేది నాకే."

వాడు లేచాడు. గుడ్డ తెచ్చి నీళ్ళు తుడిచాడు.

ఎంత చిరాకు పడ్డానో ఆ నెలల్లో నాకే తెలుసు. వాడి మీద, గిరాకీల మీద, చివరికి ఆవిరి కుక్కరులాంటి ఆ మిషను మీద కూడా. కానీ ఒకటి ఒప్పుకోవాలి. నేను అలా తడబడుతున్న రోజుల్లో దుకాణం నడిచిందంటే పరాకు వల్లే. నేను మనిషిని చూసి బట్ట గుర్తు చేసుకునేలోపే వాడు వెనక నుంచి సరైన బట్ట తెచ్చి కౌంటరు మీద పెట్టేవాడు. తెచ్చే ముందు కాలరు వెనక్కి తిప్పి చూసేవాడు. మడత చూసుకుంటున్నాడనుకున్నాను. ఇస్త్రీ చేసేవాళ్ళ చాదస్తం నాకు కొత్తా? పొద్దున్నే నేను నీలం పని కోటు తొడుక్కోగానే వెనక నుంచి వచ్చి నా కాలరు కూడా అలాగే సర్దేవాడు. "మెడ దగ్గర ముడతపడిందక్కా" అనేవాడు. కొన్నాళ్ళుగా అలవాటైంది. నన్ను ఊరడించడానికి అనుకుని సర్దుకోనిచ్చాను.

వాన ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, పరాకు సబ్బు పొడి తేవడానికి వెళ్ళాడు. కొట్టు పక్క వీధిలోనే. వెళ్ళి చాలాసేపయింది. ఎవరితోనో కబుర్లలో పడ్డాడనుకుని లోపల్లోపల తిట్టుకుంటున్నాను. అప్పుడు సంగీతం టీచరు వచ్చింది. ఆవిడ మా పాత గిరాకీ. చొక్కా తీసుకుని, వెళ్ళబోతూ ఆగింది.

"ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా. నా చొక్కాలన్నిటికీ కాలరు కింద ఈ ఆకుపచ్చ దారమేంటండీ? మెడకి తగుల్తోంది. తీసేస్తే మళ్ళీ వచ్చేసరికి మళ్ళీ ఉంటోంది."

తిప్పి చూపించింది. నిజమే. కాలరు మడతలో, ఎవరికీ కనపడని చోట, ఆకుపచ్చ దారంతో చిన్న కుట్టు, దానికి రెండు ముడులు. ఏదో చెప్పి పంపేశాను. పంపేసి, తలుపు దగ్గరికి వేసి, వరసలో వేలాడుతున్న బట్టలన్నీ తిప్పాను. బస్సు డ్రైవరు చొక్కాకి పసుపు. మాంసం కొట్టతని ఏప్రానుకి ఎరుపు. పళ్ళ డాక్టరుకి తెలుపు, కానీ మూడు ముడులు. ప్యాంట్లకి నడుం పట్టీ లోపల, స్వెట్టర్లకి అంచు కింద. ఒక్కటీ వదల్లేదు.

నా ఒళ్ళు మండిపోయింది. టోకెన్లు! ఇన్నేళ్ళుగా టోకెన్ అక్కర్లేదని బోర్డు పెట్టుకున్న దుకాణంలో, నా వెనకాల, దొంగచాటుగా టోకెన్లు. ఎవరికోసం? నాకోసం. అక్క పని అయిపోయిందని వీడు అప్పుడే తేల్చేశాడు. నేను మర్చిపోకముందే నేను మర్చిపోయినప్పటికి ఏర్పాట్లు చేసుకుంటున్నాడు. అమ్మ సీట్లో కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టి, వెనక నుంచి తోలుబొమ్మలా ఆడిస్తున్నాడు.

తలుపు తెరుచుకుంది. పరాకు నిలువునా తడిసిపోయి ఉన్నాడు. చేతిలో సబ్బు పొడి లేదు. బ్రెడ్డు ఉంది.

విరుచుకుపడ్డాను వాడి మీద. ఇరవై ఏళ్ళుగా బట్టలు ఉతుకుతున్నవాణ్ణి ఆ పూట నేను ఉతికి ఆరేశాను. "నన్ను పిచ్చిదాన్ని చేద్దామనా? ఆ పిల్ల ఒక మాటందని, నాకు రేపో మాపో వస్తుందని, నువ్వప్పుడే దారాలు కట్టుకుంటూ కూర్చున్నావా? చెప్పి చావొచ్చుగా! వెనకాల ఎందుకురా ఈ వేషాలు? నాకింకా ఏం కాలేదు. చూడు, ఏదైనా అడుగు, ఏ బట్టైనా అడుగు!"

వాడు బ్రెడ్డు కౌంటరు మీద పెట్టాడు. దానివైపు చూస్తూ నిలబడ్డాడు. అదెందుకు కొన్నాడో వాడికీ అర్థం కానట్టుంది.

"అవి నీకోసం కాదక్కా," అన్నాడు.

"మరెవరికోసం?"

లోపలికి వెళ్ళాడు. వెనక గదిలో చిట్టచివరి కొక్కేనికి ఎవరూ తీసుకెళ్ళని బట్టలు వేలాడుతుంటాయి. వాటిలోంచి ఒక నల్ల ఓవర్‌కోటు తెచ్చి నా ముందు పెట్టాడు. గడియారాలు బాగుచేసే ముసలాయనది. ఆయన అది ఉతకడానికిచ్చి, తీసుకోకముందే చనిపోయాడు. మా అమ్మ పోయిన ఏడాదే. ఆ చావుకి మేమిద్దరం వెళ్ళాం. పరాకు కాలరు తిప్పాడు. వంకాయరంగు దారం, ఒక ముడి. పాతబడి, దుమ్ము పట్టి ఉంది.

రక్తం ఇవ్వడానికి చాలా ముందటి దారం అది. ఆ పిల్ల మా దుకాణానికి రావడానికి కూడా ముందటిది.

"అప్పట్నుంచే?" అన్నాను.

"అప్పట్నుంచే. మొదట బట్ట చూస్తే మనిషి గుర్తొచ్చేవాడు కాదు. మరకే గుర్తుండేది. సరే, మరకలు నా పని కదా, మనుషులు అక్క పని కదా అనుకున్నా. తర్వాత ఎన్ని ఇస్త్రీ చేశానో, ఏది చెయ్యాలో... నువ్వు బట్ట లోపలికి ఇస్తూ ఎవరిదో చెప్తావు కదా, నీ నోట్లోంచి మాట వచ్చిన వెంటనే కుట్టేసేవాణ్ణి. లేకపోతే ఇస్త్రీ బల్ల దాకా వెళ్ళేసరికి పోయేది."

"చెప్పలేదేంట్రా నాకు?"

"చెప్పాను. చాలాసార్లు చెప్పాను. మర్చిపోతున్నానక్కా అన్నాను. నువ్వు నవ్వావు."

అవును. నవ్వాను. పరాకు మర్చిపోయానంటే ఎవరు మాత్రం నవ్వరు? చిన్నప్పటి నుంచీ మేము వాడికి ఆ పేరు పెట్టి, ఆ పేరు చాటున వాడు ఎంత జారిపోతున్నాడో చూడలేదు. జబ్బు కోసం పొద్దున లేస్తే నన్ను నేను తడుముకున్నాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అది నా పక్కనే ఇస్త్రీ చేస్తుంటే ఎక్కడెక్కడో వెతికాను.

"ఇవాళేమైంది?" అని అడిగాను.

వాడు తడిసిన చొక్కా బొత్తాం తిప్పుతూ చెప్పాడు. "సబ్బుల కొట్లోంచి బయటికొచ్చాను... వచ్చాననే అనుకుంటున్నా. ఎటు తిరగాలో తెలీలేదు. ఏ వీధో తెలీలేదు. వానలో నిలబడితే అందరూ చూస్తారని పక్క కొట్లోకెళ్ళి బ్రెడ్డు కొన్నా. ఏదో ఒకటి కొంటే మామూలు మనిషిలా ఉంటుంది కదా. తర్వాత బోర్డులు చదువుకుంటూ వచ్చా. మన బోర్డు కనపడింది."

"ఆ పిల్ల మగవాళ్ళకి రాదంది కదరా." అలా అనలేదని నాకు తెలుసు. అయినా ఆ మాటే వచ్చింది నోటికి.

"ఆ మేడమ్ రాదనలేదక్కా. నువ్వలా విన్నావు. నేనప్పుడు చెబుదామనే నోరు తెరిచా. నీ మొహం చూశా. పెళుసెక్కిన గుడ్డలా ఉన్నావు. ఈ ఒక్క దెబ్బే ఎలా తట్టుకుంటావో తెలీదు, ఇంకోటి కూడానా అనిపించింది."

నేను వాణ్ణి ఇరవై నిమిషాలు తిట్టినా, వాడి మొహంలో కోపం లేదు. చెప్పేసినందుకు తేలికపడ్డట్టు ఉన్నాడు. నాకు మాత్రం కుదురు లేదు. తువ్వాలు తెచ్చి వాడి తల తుడిచాను, టీ పెట్టాను, పొయ్యి ఆర్పడం మర్చిపోయాను. ఆ పూట నేను మర్చిపోయినదానికి నేను భయపడలేదు. భయపడే తీరిక లేదు.

జన్యువుల పిల్ల మమ్మల్ని వెంటబెట్టుకుని మెదడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బొమ్మలు చూపించారు, గడియారం గీయమన్నారు, మాటలు చెప్పి కాస్సేపాగి మళ్ళీ చెప్పమన్నారు. గడియారం బాగానే గీశాడు. ముళ్ళు పెట్టడం రాలేదు. మొదలైందనే అన్నారు. మందులున్నాయి, కాస్త నెమ్మదిస్తుంది, వెనక్కి మాత్రం తిప్పలేం అన్నారు.

బయట వరండాలో ఆ పిల్లని నిలేశాను. "నీ లెక్క తప్పింది కదమ్మా."

"లెక్క తప్పలేదాంటీ," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తప్పితే బాగుండేది. ముప్పు తక్కువున్నవాళ్ళలోనూ కొందరికి వస్తుంది. ఎక్కువున్నవాళ్ళలోనూ చాలామందికి రాదు. అంకుల్ మొహం చూసి లెక్క చెప్పలేదు నేను, లెక్కకి మొహాలుండవు. మీకు చెప్పినదీ అలాంటిదే. రావచ్చు, రాకపోవచ్చు."

ఆమె మీద కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆ పిల్ల మొదటిరోజే చెప్పిన మాట అది. మొహం చూసి బట్ట ఇచ్చే అలవాటున్న మనిషిని కదా, లెక్క కూడా నా మొహం చూసే చెప్పిందనుకున్నాను.

"మగవాళ్ళ లెక్కలో అంకుల్ని కూడా రాసుకుంటావా?" అని అడిగాను.

"రాసుకోవాలాంటీ."

"సరే. విడిగా రాసుకో. కలపకు."

దుకాణానికి సెలవు రోజు, తలుపులు వేసుకుని, ఇద్దరం ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చున్నాం. దారాల భాష నేర్పమని నేనే అడిగాను. అది తెలిసినవాడు ప్రపంచంలో ఒక్కడే, వాడి దగ్గర అది ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలీదు. గబగబా నేర్చుకోవాలని నా తొందర. వాడేమో ఒక్కో దారం పట్టుకుని తీరిగ్గా మొదలుపెడతాడు.

"పసుపు బస్సు డ్రైవరు. బస్సు పసుపు కదా. ఎరుపు మాంసం కొట్టు, ఎందుకో చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ సంగీతం టీచరు."

"ఆవిడకి ఆకుపచ్చెందుకు?"

"ఆవిడ గొంతు ఆకుపచ్చగా ఉంటుంది."

"గొంతుకి రంగేంట్రా?"

"నీకు తెలీదులే. నువ్వు బట్టలు చూస్తావు." నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు భయమేసింది, మళ్ళీ నవ్వి ఏదైనా చూడకుండా పోతానేమోనని.

ముడులు వీధుల లెక్క. ఒక ముడి మన వీధి, రెండు బడి వైపు, మూడు ఆసుపత్రి వైపు. సగం దాకా నేర్చుకున్నాను. మధ్యలో గోధుమరంగు దారం దగ్గర వాడు ఆగిపోయాడు. తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. "ఇది... ఇది ఎవరిదో..." ఆ దారం ఎవరి చొక్కాకి ఉందో నేను వరసలో చూశాను. నాలుక చివర దాకా వచ్చిన పేరు ఆపుకున్నాను. ఇదివరకైతే టక్కున అనేసి, కంప్యూటరమ్మనని మురిసిపోయేదాన్ని. వాడు కాస్సేపటికి దాన్ని పక్కన పెట్టాడు. నేను తర్వాతది అందించాను.

"బోర్డు మీద ఆ మాట చెరిపించేద్దామా?" అన్నాడు. "టోకెన్లు ఇస్తే గొడవుండదు."

"టోకెన్లూ ఇద్దాం, బోర్డూ ఉండనీ. వెలిసినప్పుడు చూద్దాం."

చలిగా ఉందని నా పని కోటు తొడుక్కోబోయాను. తొడుక్కోబోతూ, ఈమధ్య ప్రతి బట్టకీ చేస్తున్నట్టే చెయ్యి దానంతటదే కాలరు తిప్పింది. నీలం మీద నారింజరంగు దారం. ముడి లేదు. చిన్న కుట్టు, ఎంతో పొందిగ్గా, ఈ దుకాణంలో అన్నిటికంటే శ్రద్ధగా వేసిన కుట్టు.

పొద్దున్నే వెనక నుంచి వచ్చి కాలరు సర్దే ఆ చెయ్యి గుర్తొచ్చింది.

"ఒరేయ్, నేనెవరో కూడా..."

"తెలుసు," అన్నాడు గాభరాగా. "తెలుసక్కా, నువ్వెవరో నాకు తెలుసు. దారం చూడక్కర్లేదు ఇప్పుడు. చేతికి అలవాటు చేస్తున్నా అంతే. తల మర్చిపోయినా చెయ్యి మర్చిపోదంటారు కదా. రోజూ ఒకసారి తిప్పి చూసి, అక్క అనుకుంటా." ఆగి, దారపు ఉండ చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మ నిన్ను మీ బట్టలేవండీ అనడిగిన రోజు నేను ఇక్కడే ఉన్నా, ఈ బల్ల దగ్గరే. ఆ మాట నేను నిన్ను అడక్కూడదు."

నేను ఏడ్చాను. దాచుకోలేదు. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, ఏం చెయ్యాలో తెలియక, కాలరు సర్దాడు.

తర్వాత కళ్ళు తుడుచుకుని సూది తీసుకున్నాను. దారం ఎక్కలేదు, కళ్ళ నిండా నీళ్ళు. వాడే ఎక్కించి ఇచ్చాడు.

"వంగు," అన్నాను.

"నాకెందుకు?"

"నా రెండు జన్యువులూ ఎక్కడికీ పోలేదు. వెయ్యిమందిలో నేనెక్కడున్నానో ఎవరికి తెలుసు? నీకు ఏ రంగు వెయ్యను?"

వాడు ఆలోచించాడు. "రంగొద్దక్కా. రంగు చూసి కూడా తెలీని రోజొస్తే? చేతికి తగిలేది పెట్టు."

వాడు మెడ వంచాడు. చొక్కా కాలరు కింద గట్టి ముడి ఒకటి వేసి, దాని మీద ఇంకోటి, ఇంకోటి వేశాను, ధాన్యపు గింజంత అయ్యేదాకా. పళ్ళతో దారం కొరికి, వేలితో తడిమాను. కళ్ళు మూసుకుని ఇంకోసారి తడిమాను.

"ఎవరు?" అనడిగాడు వాడు, మెడ వంచుకునే.

"తమ్ముడు," అన్నాను.